పిలవని పేరంటానికి లక్షమంది

బదిలీ ఉత్తర్వు అందుకున్న గుమాస్తా కనీసం ఎమ్మెల్యే గారి చుట్టూ తిరగొచ్చు. 1861 అక్టోబరులో సాల్ట్‌లేక్ సిటీలో జరిగిన, మోర్మన్లనే మత సంఘం వాళ్ళ మహాసభలో పేరు చదివించుకున్న వాళ్ళకు ఆ దారి కూడా లేకపోయింది. అమెరికాలో అంతర్యుద్ధం మొదలై ఆరు నెలలైంది. దక్షిణాది పత్తి ఇక రాదు. మన బట్ట మనమే నేసుకోవాలని మత నాయకుడు బ్రిగమ్ యంగ్ పంతం పట్టాడు. మూడు వందల మైళ్ళు దక్షిణానికి పోయి, ఎర్ర కొండల నడుమ ఊరు కట్టి, పత్తి పండించమని 309 కుటుంబాలకు పిలుపు వెళ్ళింది. మీ అభిప్రాయం ఏమిటని ఎవరూ అడగలేదు. కొత్తగా ఇల్లు కట్టుకుని, తోట వేసుకుని, అప్పుడే కాస్త స్థిరపడిన వాళ్ళు కూడా ఆ జాబితాలో ఉన్నారు. అమ్ముకోగలిగింది అమ్ముకుని, ఏడవాల్సినంత ఏడ్చి, బళ్ళు కట్టుకుని బయల్దేరారు. శంకరగిరి మాన్యాలు పట్టడమంటే ఇదే.

వాళ్ళు కట్టిన ఊరే సెయింట్ జార్జ్. యూటా రాష్ట్రానికి నైరుతి మూలన ఉంటుంది. ఇప్పుడు అక్కడికి రమ్మని ఎవరూ ఎవరినీ పిలవడం లేదు. అయినా జనం ఆగడం లేదు. 1970లో 7,097 మంది ఉన్న ఊరు 2010 నాటికి 72,897కు, 2020 నాటికి 95,342కు చేరింది. 2016–17లో అమెరికా మొత్తమ్మీద శాతం లెక్కన అన్నిటికన్నా వేగంగా పెరిగిన పట్టణ ప్రాంతం ఇదేనని జనాభా లెక్కల శాఖ ప్రకటించింది. పత్తి పండించమంటే ఏడ్చుకుంటూ వచ్చిన చోటికి, ఈ రోజుల్లో గోల్ఫ్ ఆడుకోవడానికి నవ్వుకుంటూ వస్తున్నారు.

ఆ ఊరు చూడటానికి పల్నాడు నుంచి ఒక పెద్దాయన వచ్చారు. గురజాల దగ్గర పల్లెటూరు, నలభై ఏళ్ళ పత్తి సేద్యం. అబ్బాయి లాస్ వేగస్ పక్కన హెండర్సన్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాడు. అమ్మానాన్నలు విజిటర్ వీసా మీద వచ్చినప్పుడు తెలుగు పిల్లలు చేసే పని ఏముంటుంది? వేగస్ దీపాలు చూపించాలి, గ్రాండ్ క్యాన్యన్ చూపించాలి, జయాన్ పార్కు చూపించాలి. జయాన్‌కు పోయే దారిలో ఒక రాత్రి ఆగడానికి అనువైన ఊరు సెయింట్ జార్జ్. అట్లా ఒక అక్టోబరు శుక్రవారం పెద్దాయన, ఆయన భార్య, కొడుకు, కోడలు, పులిహోర డబ్బా, కాఫీ ఫ్లాస్కు కారెక్కాయి.

దూరం నూట ఇరవై మైళ్ళు. అంతలోనే మూడు రాష్ట్రాలు. నెవాడా చివర మెస్కీట్‌లో ఆఖరి జూదశాల దాటగానే అరిజోనా తగులుతుంది. అక్కడ వర్జిన్ నది కోసుకుపోయిన లోయలో, రెండు పక్కలా నిట్టనిలువు రాతి గోడల మధ్య రోడ్డు మెలికలు తిరుగుతుంది. 1973లో ఈ లోయదారి తెరిచిన తర్వాతే ఊరి జాతకం మారింది. అరగంటలో అరిజోనా అయిపోయి యూటా వస్తుంది, ఫోనులో గడియారం గంట ముందుకు దూకుతుంది. భోజనానికి ముందు వేసుకోవాల్సిన బీపీ మాత్ర వేళ అయిందో, దాటిందో తేల్చుకోలేక పెద్దావిడ గాభరా పడింది. ఎందుకైనా మంచిదని పులిహోర డబ్బా మూత తీయించింది.

బయల్దేరిన ఊరికీ చేరాల్సిన ఊరికీ చుట్టరికం ఉందని అబ్బాయి దారిలో చెప్పాడు. లాస్ వేగస్‌లో 1855లో మొదట మట్టికోట కట్టింది కూడా మోర్మన్లే. రెండేళ్ళకే వదిలేసి వెళ్ళిపోయారు. ఆ తర్వాత ఆ ఊరు ఏ దారి పట్టిందో లోకానికి తెలుసు. ఈ ఊరు మాత్రం చెప్పిన మాట విన్న పెద్దకొడుకులా ఉండిపోయింది.

ఊళ్ళోకి దిగగానే పెద్దాయన చూసింది కొండల్ని కాదు, నేలని. ఎర్రటి ఇసుక, మధ్యలో నల్లటి లావా రాయి, అక్కడక్కడా తెల్లగా పేరుకున్న ఉప్పు. "పత్తి అన్నావు. నల్లరేగడి ఏదిరా?" అన్నారు. రేగడి లేదని తేలాక, వానెంత పడుతుందని అడిగారు. ఏడాదికి ఎనిమిది అంగుళాలు. ఆయన ఇంకేమీ అడగలేదు. ఎండ సంగతి మాత్రం ఆయన దగ్గర చెల్లలేదు. 1985 జులై 5న ఇక్కడ 117 డిగ్రీలు, అంటే 47 సెల్సియస్ నమోదైందనీ, అది యూటా రాష్ట్రానికే రికార్డనీ, 2021 జులైలో మళ్ళీ దాన్ని అందుకున్నారనీ కొడుకు గొప్పగా చెప్పబోయాడు. "రెంటచింతల పక్కన పుట్టినోడికి చెప్తన్నావా?" అని ఆయన కిటికీ అద్దం దించారు. అక్టోబరు గాలి చల్లగా తగిలింది. దించిన అద్దం ఎత్తడం పౌరుషానికి భంగమని తువ్వాలు చెవులకు చుట్టుకున్నారు.

పాత ఊరి వీధులు ఆయనకు బాగా నచ్చాయి. ఎద్దుల బండ్ల వరస నడి వీధిలో వెనక్కి తిరిగేంత వెడల్పు ఉండాలన్నది ఆనాటి మోర్మన్ల పద్ధతి. వీధులన్నీ దిక్కులకు గీత గీసినట్టు ఉంటాయి, వీధికి పేరు బదులు అంకె ఉంటుంది. ఊరి నడిబొడ్డు నుంచి ఉత్తరానికి రెండు వందలు, పడమరకు అరవై ఏడు అంటే బ్రిగమ్ యంగ్ చలికాలపు ఇల్లు. ఇంటి నంబరులోనే దిక్కు చెప్పే ఊరంటే తెలుగువాడికి సగం వాస్తు అక్కడే చూసినట్టు. "వీధిపోటు ఒక్కటీ లేదు" అని పెద్దాయన మార్కులు వేశారు.

ఆ ఇల్లు చూపించింది రిటైరైన దంపతులు. జీతం లేకుండా, సొంత ఖర్చుతో వచ్చి కొన్ని నెలలు ఇట్లా సేవ చేయడం మోర్మన్లలో మామూలు. 1870లలో కీళ్ళనొప్పులు పడలేక యంగ్ గారు శీతాకాలం ఇక్కడికి దిగి వచ్చేవాడని, భార్య అమీలియాతో ఈ ఇంట్లో ఉండేవాడని ఆ గైడమ్మ చెప్పింది. నొప్పులు పడలేక ఎండ తగిలే ఊరికి చేరిన మొదటి పెద్దమనిషి ఆయనే అనుకోవచ్చు. ఇప్పుడు చలికాలంలో కారేసుకుని వచ్చే ముసలివాళ్ళంతా ఆయన సంప్రదాయమే. ఆయనకు భార్యలు యాభైమందికి పైగా అని చరిత్రకారులు లెక్కగట్టారు. ఈ సంగతి కోడలు మెల్లగా అత్తగారి చెవిన వేసింది.

"మరి మిగతావాళ్ళెక్కడ?" అని ఆవిడ గైడమ్మను అడిగించింది.

లూసీ అనే మరో భార్య ఇదే ఊళ్ళో వేరే ఇంట్లో ఉండేదని జవాబు. ఆవిడ ఆలోచించి, "ఇంకో ఇల్లు కట్టించాడంటే మర్యాదస్థుడే" అంది. పెద్దాయన ఆ గదిలోంచి ఈ గదిలోకి నడిచారు. బహుభార్యాత్వాన్ని మోర్మన్ సంఘం 1890లో మానేసిందని గైడమ్మ చెప్పేసరికి ఆయన అక్కడ లేరు.

ఊరికి పేరిచ్చిన జార్జ్ ఈ ఊళ్ళో కాపురం ఉన్నవాడు కాదు. జార్జ్ ఎ. స్మిత్ అని మత సంఘంలో పన్నెండుమంది అపోస్తలుల్లో ఒకడు, దక్షిణ యూటా వలసలన్నిటికీ పెద్ద దిక్కు. భారీ మనిషి, బట్టతల. ఒకసారి ఈ ప్రాంతపు పైయూట్ ఆదివాసుల ఎదుట కూర్చుని చెమట పట్టి టోపీ తీశాడట, విగ్గు తీశాడట, కళ్ళజోడు తీశాడట, కట్టుడు పళ్ళు తీశాడట. ఇంకేం తీస్తాడోనని వాళ్ళు హడలిపోయి, తనను తానే విడదీసుకునే మనిషని ఆయనకు పేరు పెట్టారని ఇక్కడ కథ చెబుతారు. ఊళ్ళో పుణ్యపురుషుల విగ్రహాలకు కొదవ లేదు గానీ, ఈ ఘట్టాన్ని ఏ శిల్పీ ముట్టుకున్నట్టు లేదు.

ఆ పైయూట్‌లు వీళ్ళకన్నా ముందే శాంటా క్లారా వాగు పక్కన కాలువలు తీసి మొక్కజొన్న పండిస్తున్నారు. ఎడారిలో పంట తీయడం తామే మొదలుపెట్టామని చెప్పుకోవడానికి వచ్చినవాళ్ళకు వీల్లేదు. ఆ వాగు ఒడ్డునే జేకబ్ హాంబ్లిన్ అనే మత ప్రచారకుడు 1863లో కట్టుకున్న ఎర్ర రాతి ఇల్లు ఇప్పటికీ చెక్కుచెదరలేదు. అక్కడి గైడు తాత ఒక బుట్టలోంచి పగిలిన పత్తికాయ తీసి, ఇదేమిటో ఊహించగలరా అని పెద్దాయన చేతికిచ్చాడు. కొడుకు అనువదించేలోపే ఆయన దాన్ని అరచేతిలో తిప్పి, బొటనవేలి గోటితో ఒక తొన విప్పి, దూది సాగదీసి, గింజకు ఎంత గట్టిగా పట్టుకుందో చూసి, పీచును రెండు వేళ్ళ మధ్య వెలుతురుకు ఎత్తి కొలిచారు. పొట్టి పింజ అన్నారు. గింజ తీస్తే మూడోవంతు దూది కూడా దక్కదన్నారు. పురుగు లేనందుకు ఆశ్చర్యపోయి, ఏం మందు కొడతారని అడిగించారు. బుట్టలో పత్తికాయ చూపించి స్కూలు పిల్లల్ని అబ్బురపరచడం అలవాటైన ఆ తాత ఇట్లాంటి పరీక్ష ఎదురవుతుందనుకోలేదు. ఎకరానికి ఎంతొచ్చేది, కూలి ఎంత, గిట్టుబాటయిందా అని పల్నాడు వరసగా అడుగుతుంటే యూటా నీళ్ళు నమిలింది.

గిట్టుబాటు కాలేదు. ఆ కథ పొడుగు.

వలస వచ్చినవాళ్ళు 1861 డిసెంబరులో గుడారాలు వేశారు. ఎడారికి వచ్చామనుకుంటే క్రిస్మస్ నాడు మొదలైన వాన వారాల తరబడి ఆగలేదు. శాంటా క్లారా వాగు పొంగి అక్కడి కోటను, పొలాలను ఊడ్చుకుపోయింది. అక్కడ దిగినవాళ్ళు స్విట్జర్లాండు నుంచి వచ్చినవాళ్ళు, అందులో పత్తి మొక్కను అంతకుముందు కళ్ళ చూసినవాళ్ళు ఎందరో ఊహించుకోవచ్చు. వాన వెలిశాక మళ్ళీ ఎన్నాళ్ళకూ చినుకు లేదు. వర్జిన్ నదికి అడ్డంగా ఆనకట్ట కట్టడం, వరద వచ్చి తీసుకుపోవడం, మళ్ళీ కట్టడం. వాషింగ్టన్ అనే పక్క ఊరి రైతులకు నిలబడే ఆనకట్ట 1891కి గానీ దక్కలేదు. మధ్యలో పత్తి మిల్లు కూడా కట్టారు. 1865లో మొదలుపెట్టిన ఆ రాతి భవనం ఇంకా ఉంది. కానీ ఆ ఏడే యుద్ధం ఆగిపోయింది, దక్షిణాది పత్తి మళ్ళీ బజారులోకి వచ్చింది. 1869లో రైలు యూటా మీదుగా ఖండాన్ని దాటింది. బయటి బట్ట చవగ్గా దిగితే ఎడారి పత్తిని ఎవరు కొంటారు? రైతులు కూడా తెలివైనవాళ్ళే. పెద్దలు పత్తి వేయమంటే, ముందు పిల్లలకు తిండి కావాలని గోధుమ, జొన్న వేసుకున్నారు.

అదే యుద్ధం పుణ్యమా అని లంకాషైర్ మిల్లులకు పత్తి లేక మన దేశపు పత్తికి ధర కొన్నాళ్ళు ఆకాశానికి ఎక్కింది. గుంటూరు వైపు పత్తి కాకినాడ రేవు మీదుగా పోయి ఆ రేవు పేరుతోనే బజారులో చలామణీ అయింది. యుద్ధం ముగియగానే ధర నేలకు దిగింది. ఇది విన్నాక గైడు తాతకూ పెద్దాయనకూ మధ్య అనువాదం అంతగా అవసరం పడలేదు.

పత్తి తర్వాత పట్టు అన్నారు. మల్బరీ చెట్లు నాటారు, పట్టుపురుగుల్ని ఇళ్ళలో పెంచారు, అదీ ఎక్కువ కాలం సాగలేదు. బాగా కుదిరింది ద్రాక్ష ఒక్కటే. ద్రాక్ష అంటే సారాయే. రైతులు తమ రాబడిలో పదోవంతు సంఘానికి చెల్లించాలి. డబ్బు లేదు గనుక ద్రాక్షసారా పీపాల్లో చెల్లించారు. మద్యం ముట్టవద్దని బోధించే సంఘం కొట్లలో వేల గ్యాలన్ల సారాయి పేరుకుంది. దాపునే సిల్వర్ రీఫ్ అనే గనుల ఊళ్ళో దాహం తీరని కార్మికులున్నారు, బేరం కుదిరింది. చివరికి అమ్మేవాళ్ళే రుచి మరిగేసరికి పెద్దలు తోటలు తీయించారు. ఇసుకరాతిలో వెండి దొరకదని భూగర్భ శాస్త్రవేత్తలు నమ్మిన కాలంలో ఆ సిల్వర్ రీఫ్‌లో వెండి దొరకడం మరో విడ్డూరం. ఈ ప్రాంతంలో ఏది పండాలని పంతం పడితే అది పండదు. ఎవరూ ఊహించనిది దొరుకుతుంది.

గనుల ఊరి క్యాథలిక్ ఫాదరుకు ఆరాధన జరపడానికి పెద్ద హాలు కావాల్సి వస్తే, 1879లో సెయింట్ జార్జ్ మోర్మన్లు టాబర్‌నాకిల్ అనే తమ ప్రార్థన మందిరం ఇచ్చారు. అంతటితో ఆగలేదు. ఆయన దగ్గర గాయకులు లేరని తెలిసి తమ గాయక బృందాన్నే ఇచ్చారు. వాళ్ళు లాటిన్ పాటలు బట్టీపట్టి, అర్థం తెలియకపోయినా శ్రుతి తప్పకుండా పాడారట. ఆ ఎర్ర రాతి మందిరం 1876కి పూర్తయింది, ఇప్పటికీ ఊరి మధ్యన గడియారంతో సహా నిలబడి ఉంది. ఇక్కడి పెద్దలు ఎంత కఠినులని చెప్పుకున్నా, ఇరుగు మతం వాడికి హాలు, భజన బృందం ఉచితంగా ఇచ్చిన వాళ్ళను ఒక మాట అనబుద్ధి కాదు.

ఊళ్ళోని తెల్లటి ఆలయం వేరు. అది 1877 ఏప్రిల్ 6న ప్రతిష్ఠ జరిగింది. సాల్ట్‌లేక్‌లో 1853లో మొదలైన ఆలయం తెమలడానికి నలభై ఏళ్ళు పట్టగా, ఆలస్యంగా మొదలైన ఇది ముందుగా పూర్తయి యూటాలో మొదటి ఆలయం అయింది. ఎడారిలో పునాదికి గట్టి నేల కరువా? కరువే కాదు. కానీ యంగ్ గారు ఏరి కోరి ఊరి మొత్తానికి బురదగా ఉన్న చోటే కావాలన్నాడు. నల్లరాళ్ళు తెచ్చి బురదలో దించాలి. దించడానికి యంత్రం లేదు. పాత ఫిరంగి ఒకటి తెచ్చి, సీసం నింపి, గుర్రాలతో పైకి లాగించి దబదబా రాళ్ళ మీద వదిలారు. ఆ ఫిరంగి నెపోలియన్ సైన్యం రష్యాలో వదిలేసి పోయినదని స్థలపురాణం. గోపురం పొట్టిగా ఉందని యంగ్ గారికి నచ్చలేదంటారు. 1877 ఆగస్టులో ఆయన పోయాడు. మరుసటి ఏడు పిడుగు పడి ఆ పొట్టి గోపురం పాడైంది. ఈసారి పొడుగ్గా కట్టారు. పెద్దమనిషి పైకి వెళ్ళాక పని పూర్తి చేయించాడని ఊళ్ళోవాళ్ళు ఇప్పటికీ నవ్వుకుంటారు.

లోపలికి మోర్మన్లకే ప్రవేశం. వాళ్ళలో కూడా సంఘం పెద్దలు మంచి నడవడి అని చీటీ రాసిచ్చిన వాళ్ళకే. పక్కనున్న సందర్శకుల భవనంలో ఒక అమ్మాయి ఈ సంగతి ఎంతో నొచ్చుకుంటూ చెప్పింది. "మన గుళ్ళ దగ్గరా బోర్డులుంటయ్యిగా, బాధపడొద్దని చెప్పరా" అని పెద్దాయన ఆ అమ్మాయినే ఓదార్చారు. పెద్దావిడకు మాత్రం తృప్తి కలగలేదు. "మూడొందల టికెట్టు లాంటిదేమన్నా ఉందేమో అడుగు" అని కోడలిని పక్కకు పిలిచింది.

సాయంత్రానికి ఫ్లాస్కులో కాఫీ అయిపోయింది. కాఫీ, టీ, మద్యం, పొగాకు కూడదన్నది మోర్మన్లకు 1833 నుంచి ఉన్న నియమం. ఊళ్ళో కాఫీ దొరకదని కాదు, దొరుకుతుంది. కానీ కార్ల వరుస ఎక్కడ ఉందో అక్కడ ఏదో ప్రత్యేకత ఉంటుందన్నది తెలుగువారి అనుభవం. ఆ వరుస ఒక సోడా దుకాణం ముందు ఉంది. 2010లో ఇదే ఊళ్ళో ఒక గృహిణి స్విగ్ అనే చిన్న సోడా దుకాణం పెట్టింది. కోకులో కొబ్బరి సిరప్పు, నిమ్మ పిండి, గులకరాళ్ళంత ఐసు వేసి 'డర్టీ' అని పేరు పెట్టింది. కోలాల్లో కెఫీన్ ఉన్నా మతం అడ్డు చెప్పదని సంఘం 2012లో తేల్చి చెప్పాక ఇక పట్టపగ్గాలు లేవు. ఆ 'డర్టీ' అన్న మాట ఎవరి సొత్తని 2015లో మరో సోడా కంపెనీతో కోర్టుకు కూడా వెళ్ళి, రెండేళ్ళ తర్వాత రాజీపడ్డారు. పవిత్రులంతా మురికి కోసం దావా వేసుకోవడం మరెక్కడా జరిగి ఉండదు.

"కొబ్బరి నీళ్ళు కావాలంటే కొబ్బరి నీళ్ళు తాగుతారు, కోకు కావాలంటే కోకు తాగుతారు, రెండూ కలిపి తాగటమేంది?" అంటూనే పెద్దాయన అర లీటరు గ్లాసు ఖాళీ చేశారు. రాత్రి రెండింటిదాకా కళ్ళు మూతపడలేదు. ఏ రాష్ట్రపు రెండో అడగకూడదు.

మర్నాడు పొద్దున మోటెల్ భోజనాల గదిలో అందరి మెడల్లోనూ పతకాలే. అక్టోబరు వచ్చిందంటే ఊళ్ళో హంట్స్‌మన్ సీనియర్ల క్రీడలు. 1987లో మొదలయ్యాయి, యాభై దాటితేనే అర్హత, ఏటా పదివేలమందికి పైగా వచ్చి ఆడతారు. ఎనభయ్యో పడిలో ఉన్న ఒకావిడ మోకాళ్ళకు పట్టీలు కట్టుకుని, ఈ పూట ఈత అయిపోయింది, మధ్యాహ్నం పరుగు ఉందని చెప్పి రెండు అరటిపళ్ళు చేతిసంచిలో వేసుకుని వెళ్ళిపోయింది. మెట్లెక్కలేనని మొదటి అంతస్తులో గది వద్దన్న మన ఆవిడ ఆమె వెళ్ళినవైపే చాలాసేపు చూసింది. తర్వాత భర్త వైపు చూసింది. ఆయన తింటున్న రెండో వాఫుల్ పక్కకు పెట్టేశారు.

అన్నీ నవ్వుకునే సంగతులు కావు. ఊరికి ఉత్తరాన మౌంటెన్ మెడోస్‌లో 1857 సెప్టెంబరులో కాలిఫోర్నియా వెళ్తున్న వలస బండ్ల వారిని దాదాపు 120 మందిని మోర్మన్ సాయుధ దళం చంపింది. దాన్ని ఒప్పుకోవడానికి సంఘానికి తరాలు పట్టింది. ఆ తర్వాత దాదాపు నూరేళ్ళకు ఆపద మరో దిక్కు నుంచి వచ్చింది. నెవాడా పరీక్షా స్థలంలో అణుబాంబులు పేల్చేటప్పుడు గాలి లాస్ వేగస్ వైపు వీచకూడదని చూసేవారు. అంటే ఇటు వీచేది. 1953 మే 19న పేల్చిన హ్యారీ అనే బాంబు బూడిద ఈ ఊరి మీద పడింది, జనాన్ని తలుపులేసుకోమన్నారు. మరుసటి ఏడు ఇక్కడి స్నో క్యాన్యన్‌లో హాలీవుడ్ వాళ్ళు సినిమా తీశారు. జాన్ వేన్ చెంఘిజ్ ఖాన్, పైయూట్‌లు మంగోలులు. ఆ వేషాలకు నవ్వు ఆపుకోవడం కష్టమే గానీ, ఆ యూనిట్‌లో 220 మందిలో 91 మందికి 1980 నాటికి క్యాన్సర్ వచ్చిందని ఒక పత్రిక లెక్క తేల్చింది. బూడిదవల్లేనా, సిగరెట్లవల్లా అన్న వాదన ఇంకా ఉంది. ఊరివాళ్ళకు నష్టపరిహార చట్టం 1990లో వచ్చింది. దూదికి వచ్చిన వాళ్ళ మనవల మీద ప్రభుత్వం దుమ్ము పోసిందని పెద్దాయన అన్నారు. కొడుకు దాన్ని ఎవరికీ అనువదించలేదు.

ఊరు పెరిగేకొద్దీ ఏ కొండను చదును చేసినా ఏదో ఒకటి బయటపడుతుంది. 2000లో షెల్డన్ జాన్సన్ అనే రిటైరైన కంటి వైద్య నిపుణుడు తన పొలంలో దిబ్బ చదును చేస్తూ ఒక బండ తిరగేస్తే దాని అడుగున డైనోసార్ పాదం అచ్చు కనిపించింది. దాదాపు ఇరవై కోట్ల ఏళ్ళ కిందట ఇక్కడ సరస్సు ఉండేది. అందులో ఈదిన డైనోసార్లు గోళ్ళతో అడుగు బురద గీరిన గుర్తులు కూడా దొరికాయి. ఇప్పుడక్కడ ప్రదర్శనశాల ఉంది. ఇంకోవైపు ఎడారి తాబేళ్ళ కోసం 1996లో అరవై రెండు వేల ఎకరాల అభయారణ్యం కేటాయించారు. అందులోంచి రోడ్డు వేయాలని ఊరు, వద్దని పర్యావరణవాదులు ఏళ్ళ తరబడి పోట్లాడుకుంటున్నారు. దేశంలోకెల్లా వేగంగా పెరిగిన ఊరు తాబేలు దగ్గర ఆగిపోయింది.

బయల్దేరే ముందు అబ్బాయి కారును ఊరి చివరికి పోనిచ్చాడు. ఊరికే చూద్దామన్నాడు. ఊరికే చూద్దామన్న కొడుకుల్ని ఎరిగిన తండ్రి గనుక పెద్దాయన ఏమీ అనలేదు. కొత్త కాలనీ. మట్టిరంగు ఇళ్ళు, గోల్ఫ్ మైదానం చుట్టూ వంకర టింకరగా వీధులు. పాత ఊరి గీతల్లాంటి దిక్కులు ఇక్కడ గల్లంతు. నమూనా ఇంట్లో సేల్స్ అమ్మాయి నవ్వుతూ ఎదురొచ్చింది. ధర అయిదు లక్షల డాలర్ల పైమాటే. ముంగిట్లో గడ్డి బదులు గులకరాళ్ళు, కలబంద. అందానికి పెంచే గడ్డి మీద ఇప్పుడు ఆంక్షలున్నాయని, నీళ్ళు పొదుపు చేయాలని ఆ అమ్మాయి చెప్పింది.

"నీళ్ళెక్కడియ్యి?" అన్నారు పెద్దాయన. రెండు రోజుల్లో ఆయన గొంతు ఇంత ఉత్సాహంగా పలకడం ఇదే.

వర్జిన్ నది, దాని ఉపనదులు తప్ప మరో దిక్కు లేదు. కొలరాడో నది మీది లేక్ పావెల్ నుంచి నూట నలభై మైళ్ళ గొట్టం వేసి నీళ్ళు తేవాలని యూటా ఎన్నాళ్ళుగానో చూస్తోంది. కొలరాడో నీళ్ళను 1922 ఒప్పందం కింద ఏడు రాష్ట్రాలు పంచుకుంటాయి. ఏ విషయంలోనూ కలవని మిగతా ఆరు రాష్ట్రాలూ 2020 సెప్టెంబరులో కలిసి, ఈ గొట్టం సంగతి ఇప్పుడే తేల్చవద్దని కేంద్రానికి ఒకే ఉత్తరం రాశాయి. సాగర్ కుడికాలువ చివరి భూముల్లో నీటి కోసం రాత్రుళ్ళు గట్టు మీద పడుకున్న మనిషికి ఇందులో ఒక్క ముక్క కూడా కొత్త కాదు. ఎగువ వాళ్ళెవరు, దిగువ వాళ్ళెవరు, మిగులు జలాలు ఎవరివి, లెక్కలో దొంగతనం ఎవరిది అని వరసగా అడిగి, "మరి వీళ్ళకి బచావత్ ఎవర్రా?" అన్నారు.

అబ్బాయి ఏదో చెప్పబోతుండగా ఇంట్లోంచి కేక. ఆవిడ కోడలి ఫోనులో దిక్సూచి పెట్టుకుని ఇల్లంతా కలియతిరిగింది. వంటిల్లు ఆగ్నేయంలోనే ఉందిట. పూజకు మూల ఉందిట. అన్నిటికంటే ముఖ్యంగా ఈశాన్యాన, పెరటి గోడ అవతల, గోల్ఫ్ మైదానంలో పెద్ద నీటి గుంట. "ఏమండీ, ఈశాన్యాన నీళ్ళు! మనం అడగకుండానే తవ్విపెట్టారు."

ఆ గుంట కనిపించే ప్లాట్లకు ధర ఇంకాస్త ఎక్కువని సేల్స్ అమ్మాయి చెప్పింది.

"తాగటానికి పనికొస్తయ్యా?" అని పెద్దాయన అడిగించారు. రావు. "చేను తడుపుకోనిస్తరా?" ఇవ్వరు. "మరి చూసినందుకా డబ్బులు?"

ఆ అమ్మాయి సూర్యాస్తమయం చాలా బాగుంటుందంది. పెద్దాయన గోడ మీదుగా ఆ నీళ్ళ వైపు చూస్తూ, గాలికి ఎంత ఆవిరైపోతుందో, రోజుకు ఎన్ని అంగుళాలు దిగుతుందో లెక్కగడుతున్నారు. ఆవిడ పూజగదికి తలుపు ఎటు పెట్టించాలో కోడలికి చెబుతోంది. అబ్బాయి ఎవరికీ కనపడకుండా బ్రోచరు మడిచి జేబులో పెట్టుకున్నాడు.